గుంటూరులో పాత ఇల్లు అమ్మకానికి పెట్టే ముందు ఏయే పనులు చేయించాలి?

ప్రశ్న (పుణె నుండి)
అందరికీ నమస్కారం. గుంటూరులో నాన్నగారు 1994లో కట్టించిన డాబా ఇల్లు ఉంది. ఆయన పోయాక అమ్మ మా దగ్గరికి వచ్చేయడంతో ఆ ఇల్లు తాళం వేసే ఉంది. ఇక అమ్మేద్దామని నేనూ చెల్లెలూ అనుకున్నాం. వెనక గది గోడకు కింది నుంచి మూడడుగుల ఎత్తు వరకు చెమ్మ పట్టింది, రంగులు వెలిసిపోయాయి, వంటగది గట్టు పాత కడప రాయిది. వంటగది మార్చి, ఇల్లంతా రంగులు వేయిస్తే ధర పెరుగుతుందని మధ్యవర్తి అంటున్నారు. కొన్నవాళ్లు ఎలాగూ పడగొట్టుకుంటారు కాబట్టి ఉన్నదున్నట్టు అమ్మేయమని మా బాబాయి సలహా. ఆషాఢంలో పనులు ముగించి శ్రావణంలో చూపించాలని మా ఆలోచన. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (మరమ్మతు పనులు చేయించే వ్యక్తి)
మీ బాబాయిగారి మాటలో సగం నిజం ఉందండి. స్థలం పెద్దదై, వీధి వెడల్పుగా ఉంటే వచ్చేది బిల్డరే. ఆయన గజాల లెక్క తప్ప గోడల వంక చూడరు. కాపురానికి కొనేవారు వచ్చే చోటైతే పనులు చేయించండి గానీ, వంటగది జోలికి వెళ్లకండి. దానిని వాళ్లు తమ అభిరుచికి తగ్గట్టు మళ్లీ మార్చుకుంటారు, మీరు పెట్టిన డబ్బు వృథా అవుతుంది.

ముందు చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోండి. ఆ గోడకు అవతల బాత్రూము ఉంటే పైపును అనుమానించాలి, లేకపోతే అది పునాది నుంచి ఎక్కే తేమ. తడి గోడకు పుట్టీ పెట్టి రంగు వేస్తే ఒక్క వానాకాలంలోనే పెచ్చులు లేస్తాయి. పాడైన ప్లాస్టరింగును ఇటుక కనబడేదాకా చెక్కించి, బాగా ఆరనిచ్చి, వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన సిమెంటుతో మళ్లీ పూయించి, అది కూడా ఆరిన తరువాతే రంగుకు వెళ్లాలి. పునాది తేమకు ఇదీ శాశ్వత పరిష్కారం కాదు, కొంతకాలం అదుపులో ఉంచుతుందంతే. అందుకే ఆషాఢం నాకు నచ్చలేదు: ముసురులో గోడ ఆరదు. ఆ నెలలో ఒకటే లాభం, స్లాబు ఎక్కడ కారుతోందో వానే చూపిస్తుంది.

సమాధానం (దస్తావేజు లేఖరి)
రంగుల కన్నా ముందు కాగితాలు చూసుకోండి. ఇల్లు నాన్నగారి పేరున ఉండి, ఆయన వీలునామా రాయకపోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మగారికి, మీకు, మీ చెల్లెలికి సమాన హక్కు ఉంటుంది. ఆయన పోయేనాటికి మీ నాయనమ్మగారు జీవించి ఉంటే ఆవిడకూ వాటా వస్తుంది. ఈ సంగతి చాలామంది మరచిపోతారు. తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం తీసుకుని, ఇంటిపన్ను బకాయిలు కట్టి, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), లింకు దస్తావేజులు (ఆస్తి అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు), ప్లాను మంజూరు కాగితం ఒకేచోట పెట్టుకోండి. బ్యాంకు అప్పుతో కొనేవారి న్యాయవాది ఇవన్నీ అడుగుతారు.

చెమ్మ గురించి ఒక మాట: చూడగానే తెలియని ముఖ్యమైన లోపం అమ్మేవారికి తెలిసి ఉంటే, దానిని కొనేవారికి చెప్పవలసిన బాధ్యతను 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను అమ్మేవారిపైనే పెట్టింది. కాబట్టి బీరువా అడ్డం పెట్టి దాచవద్దు.

సమాధానం (ఈ మధ్యే పాత ఇల్లు కొన్నవారు)
కొనేవాడిగా నేను ముందు చూసింది కుళాయి నీళ్లు, సంపు, మోటారు, డాబా మీద పగుళ్లు. తాళం వేసి ఉన్న ఇంట్లో వచ్చే మక్కు వాసన నన్ను రెండు ఇళ్ల నుంచి గుమ్మంలోనే వెనక్కి తిప్పింది. కనుక చూపించే ముందు కొన్నాళ్లపాటు రోజూ ఎవరైనా కిటికీలు తెరిచి, కుళాయిలు వదిలి ఉంచేలా చూడండి. పాత మంచాలు, ట్రంకు పెట్టెలు తీసేస్తే గదులు పెద్దవిగా కనబడతాయి. వాస్తు పేరుతో గోడలు కదపకండి, ఎవరి సిద్ధాంతి వారికి వేరే మాట చెబుతారు. వెనక గదికి మేస్త్రీ ఇచ్చే అంచనా కాగితం చేతిలో ఉంటే బేరం ఆ మొత్తం దగ్గరే ఆగుతుంది, లేకపోతే చెమ్మ పేరు చెప్పి నాలాంటివారు లక్షల్లో తగ్గించమంటారు.