సింప్సన్స్‌లో మ్యాగీ ఫొటోల ఎపిసోడ్: ఆ బోర్డు మీద ఏముంది?

బుజ్జిపాప అమ్మ:
నిన్న రాత్రి పాపని భుజాన వేసుకుని 'ద సింప్సన్స్' అనే అమెరికన్ కార్టూన్ సీరియల్ ఆరో సీజన్‌లో 'అండ్ మ్యాగీ మేక్స్ త్రీ' చూశాను. 1995 నాటిది. ఆల్బమ్‌లో చంటిపాప మ్యాగీ ఫొటోలు ఎందుకు లేవని పిల్లలు అడిగితే వాళ్ల నాన్న హోమర్ కథ మొదలుపెడతాడు. చివర్లో పాప లేచి ఏడ్చింది, ఆ బోర్డు సంగతి మిస్సయ్యాను. ఎవరైనా చెప్పరా?

పాత కార్టూన్లు:
అక్కా, హోమర్ అణు విద్యుత్ కేంద్రం మానేసి, ఇష్టమైన బౌలింగ్ సెంటర్‌లో చేరతాడు కదా. మూడో బిడ్డ వస్తోందని తెలిసి, జీతం చాలక మళ్లీ పాత ఉద్యోగం అడుక్కుంటాడు. 'మర్చిపోకు, నువ్వు ఎప్పటికీ ఇక్కడే' అని ఇంగ్లీషులో రాసిన బోర్డుని కేంద్రం యజమాని బర్న్స్, హోమర్ ఎదురుగా పెట్టిస్తాడు. హోమర్ కొన్ని అక్షరాల మీద మ్యాగీ ఫొటోలు అంటిస్తాడు. మిగిలిన ఇంగ్లీషు అక్షరాలు కలిపి చదివితే 'ఆమె కోసం చెయ్యి' అని వస్తుంది!

లారీ నాన్న కూతురు:
మా నాన్న లారీ క్యాబిన్‌లో, వెంకన్న పటం పక్కన నా ఒకటో తరగతి ఫొటో ఉండేది. ఎండకి వెలిసిపోయి నా రిబ్బన్లు తెల్లగా అయిపోయాయి. అయినా తియ్యలేదు. ఈ సీన్ చూసిన రోజు ఆయనకి ఫోన్ చేశాను.

బుజ్జిపాప అమ్మ:
థాంక్స్ తమ్ముడూ. మా ఆయన నైట్ షిఫ్ట్ నుంచి రాగానే ఇద్దరం మళ్లీ చూస్తాం.