‘చాప్ సూయ్!’లో మాటలకు అర్థం ఉందా, అంతా సౌండేనా?

డ్రమ్ముల పిచ్చి:
అమెరికన్ మెటల్ బ్యాండ్ సిస్టమ్ ఆఫ్ ఎ డౌన్ వాళ్ల పాట ‘చాప్ సూయ్!’ 2001 నాటిది. ఇప్పటికీ వింటున్నామంటే కారణం మాటలు కాదు, సౌండ్. అకూస్టిక్ గిటార్‌తో మొదలై, టామ్ డ్రమ్ముల మీద దరువు అందుకుని, ఒక్కసారిగా మీద పడుతుంది. మాటలంటారా? నిద్ర లేవడం, మేకప్, టేబుల్ మీద తాళాలు. మధ్యలో వచ్చే బైబిల్ వాక్యం కూడా అనుకుని రాసింది కాదు. అక్కడ ఏం రాయాలో గాయకుడు సర్జ్ టాంకియన్‌కు తోచకపోతే, నిర్మాత రిక్ రూబిన్ ఏదో ఒక పుస్తకం తీసి తెరవమన్నాడు. కంటపడిన వాక్యం పెట్టేశారు. దానికి వేదాంతం అంటగట్టడం దేనికి?

గోదారి గట్టు:
నేను ఒప్పుకోను. ఈ పాట దేని గురించో బ్యాండ్ గిటారిస్టు డారన్ మలాకియన్ చెప్పాడు. తను డ్రగ్స్ వల్ల పోతే ‘చేసుకున్నదానికి అనుభవించాడు’ అంటారట. పోయిన తీరును బట్టి మనిషికి తీర్పు చెప్పేస్తారని ఆయన బాధ.

మా బాబాయి తాగుడుతో లివర్ పాడై పోయాడు. పెద్దకర్మ భోజనాల్లో, పప్పు కలుపుకుంటూ ఒకాయన “చేజేతులా తెచ్చుకున్నాడు” అన్నాడు. బాబాయి కూతురు నెయ్యి గిన్నెతో ఆయన వెనకే ఉంది. వంగి, ఆయన విస్తట్లో నెయ్యి వేసి, పక్క విస్తరికి వెళ్లింది. కోరస్ విన్నప్పుడల్లా నాకు ఆ గిన్నె గుర్తొస్తుంది.

సౌండ్ వేరు, మాట వేరు అని ఎలా అంటారు? చరణంలో మాటలు ఊపిరాడనివ్వకుండా నిలదీస్తాయి. కోరస్‌లో అదే గొంతు సాగి ఏడుస్తుంది. తిట్టేవాళ్లు, తిట్టించుకున్నవాడు, ఇద్దరూ అందులోనే ఉన్నారు.

పాటకు మొదట పెట్టుకున్న పేరు ‘సూసైడ్’. పేరు మార్చినా తప్పించుకోలేదు. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికాలోని క్లియర్ ఛానల్ కంపెనీ తన రేడియో స్టేషన్లకు పంపిన ‘వేయకపోతే మేలు’ జాబితాలో ఇదీ చేరింది. ఆ రోజుల్లో జనం మనసు ఎలా ఉందో అర్థం చేసుకోగలను. కానీ చావును ఎగతాళి చేసే పాటల లెక్కన దీన్ని చూడటం అన్యాయం.

డ్రమ్ముల పిచ్చి:
మీ బాబాయి సంగతి చదివాక చరణం మళ్లీ విన్నాను. నిలదీయడం గురించి మీరన్నది నిజమే. బైబిల్ వాక్యం విషయంలో మాత్రం నా మాట మారదు.

మూడో బెంచీ:
ఆ వాక్యం గురించి నేను చెప్తాను. గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలు చిన్నప్పటి నుంచీ వింటున్నాను. నాలుగో మాట “నన్నెందుకు చెయ్యి విడిచితివి”. ఏడోది, ఆఖరిది, “తండ్రీ, నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను”. గుడిలో ప్రశ్న ముందొస్తుంది, అప్పగింత తర్వాత. ఈ పాటలో తిరగబడింది. ముందు అప్పగించుకుంటాడు, ఆ తర్వాత ‘ఎందుకు విడిచావు’ అని అడుగుతాడు. వాక్యం పుస్తకంలో తగిలింది సరే. దాని వెనక ఆ ప్రశ్న పెట్టి, గొంతు చించుకుని అడగడం మాత్రం తగిలింది కాదు కదా. హెడ్‌ఫోన్స్‌లో ఆ ఒక్క చోట వినండి. జవాబు ఎక్కడా రాదు.