మిడిమేలపు దొర: గర్విష్ఠా, తెలిసీ తెలియనివాడా?

శాన్ ఫ్రాన్సిస్కో నాన్న:
మా సంఘం సంచికకి ఇక్కడి స్కూల్ బోర్డు రీకాల్ గురించి రాస్తున్నాను. 2020 మార్చిలో మూసిన ప్రభుత్వ బడులు చిన్న తరగతులకి కూడా 2021 ఏప్రిల్ దాకా తెరుచుకోలేదు. తల్లిదండ్రులు సంతకాలు సేకరించి, 2022 ఫిబ్రవరి 15న ముగ్గురు సభ్యుల్ని ఓటుతో దింపేశారు. వ్యాసం పైన ఒక పద్యం పెట్టాలని ఉంది. "మిడిమేలపు దొరను గొల్చి" నోట్లో ఆడుతోంది, తర్వాత ఎద్దులొస్తాయి. పూర్తి పాఠం చెప్తారా? ఇక్కడ మిడిమేలం అంటే ఏమిటి?

తెనాలి మాస్టారు:
సుమతి శతకం.
అడిగిన జీతంబియ్యని
మిడిమేలపు దొరను గొల్చి మిడుకుట కంటెన్
వడిగల యెద్దుల గట్టుక
మడి దున్నుక బ్రతుకవచ్చు మహిలో సుమతీ!
"బ్రతుక" అనే వేయండి. "బతుక" అని దిద్దకండి.

కందం అభిమాని:
మాస్టారూ, "దున్నుక" తర్వాత "బ్ర" వస్తే "క" గురువై గణం చెడదా? నేను "బతుక" అనే చదువుకున్నాను, అది హాయిగా నడుస్తుంది.

తెనాలి మాస్టారు:
చెడదు. రెండూ వేర్వేరు తెలుగు పదాలు. "క"ని తేల్చి పలకాలి, లఘువే. "న్నుకబ్రతు" నాలుగు లఘువుల నలం, "కవచ్చు" లఘువు-గురువు-లఘువుల జగణం. ఆరో గణం నలమో జగణమో కావాలి, అయింది. పద్యాన్ని కళ్లతో కాదు, గొంతుతో చదవాలి.

నెల్లూరమ్మాయి:
మిడిమేలం అంటే గర్వం. మా తాతగారు మిడిసిపాటుతో కలిపి చెప్పేవారు. ఈ బోర్డుకి సరిగ్గా సరిపోతుంది. పిల్లలు ఇంట్లో స్క్రీన్ ముందు కూర్చుని ఉంటే, వీళ్లు 2021 జనవరిలో 44 బడుల పేర్లు మార్చాలని 6-1 ఓటుతో తీర్మానించారు. లింకన్, వాషింగ్టన్ పేర్లు కూడా అందులోవే. ఆ మరుసటి నెలలోనే బడులు తెరిపించమని సొంత నగరమే కోర్టుకెళ్లింది. ఎంత అడిగినా వినకపోవడం గర్వం కాకపోతే మరేమిటి?

డల్లాస్ బాబాయి:
నేను ఎప్పటినుంచో అనుకునేది వేరు. ఈ "మిడి" మిడిమిడి జ్ఞానంలోది. అదే పేర్ల వ్యవహారం చూడమ్మా. అమెరికా స్వాతంత్ర్య సమరవీరుడు పాల్ రెవీర్ వెళ్లిన పెనాబ్‌స్కాట్ దండయాత్ర బ్రిటిష్ వాళ్ల మీద జరిగింది. పేర్ల కమిటీ దాన్ని పెనాబ్‌స్కాట్ ఆదివాసుల భూమి కోసం జరిగిందనుకుని ఆయన్ని జాబితాలో చేర్చింది. ఇది గర్వం కాదు, సగం చదువు. ఆ తీర్మానాన్ని తర్వాత బోర్డే వెనక్కి తీసుకుంది.

తెనాలి మాస్టారు:
ధ్వని కలిసినంత మాత్రాన వ్యుత్పత్తి కాదండీ. ఇద్దరూ "మిడి" దగ్గరే ఆగారు, "మేలము" ఎవరికీ పట్టలేదు. మేలమాడడం అంటే పరిహాసమాడడం. జీతం అడిగితే నవ్వి పంపించే దొర అని నాకు అనిపిస్తుంది. బద్దెన గొప్పదనం అక్కడే. అలాంటి దొర కింద పనిచేసేవాడి అవస్థకి "మిడుకుట" అనే ఒక్క మాట చాలనుకున్నాడు.

హైదరాబాద్ పాఠకురాలు:
మాట సంగతి సరే, పద్యం ఈ కథకి నప్పుతుందా? బద్దెన దొరని వదిలేసి పొలానికి పొమ్మంటున్నాడు. ప్రైవేటు బడికి మారిన కుటుంబాలకైతే సరిపోతుంది. రీకాల్ చేసినవాళ్లు ఎక్కడికీ పోలేదు. ఒక్కొక్కరి మీదా సుమారు 51 వేల సంతకాలు కావాలంటే అంతకన్నా చాలా ఎక్కువ తెచ్చి, దొరనే దింపారు. ముగ్గురికీ వ్యతిరేకంగా మూడింట రెండొంతులకు పైగా ఓట్లు పడ్డాయి. పైగా ఈ కథలో జీతమిచ్చేది పన్ను కట్టే జనం. దొర ఎవరో, కొలువు చేసేదెవరో తిరగబడిపోయింది.

శాన్ ఫ్రాన్సిస్కో నాన్న:
ఈ కోణం నాకు తట్టలేదండీ. ఇక్కడ పౌరసత్వం లేని తల్లిదండ్రులు కూడా స్కూల్ బోర్డుకి ఓటేయొచ్చు. 2016లో నగర ఓటర్లే ఆ మార్పు తెచ్చారు. హెచ్‌1బీ వీసా మీద ఉన్న మనవాళ్లకి ఈ ఊళ్లో దొరికే ఓటు అదొక్కటే. మరి దొరని దింపిన పద్యం ఏదైనా ఉందా?

డల్లాస్ బాబాయి:
"కనకపు సింహాసనమున శునకము గూర్చుండబెట్టి" పెట్టెయ్.

నెల్లూరమ్మాయి:
వద్దు బాబాయ్. ఓట్లతో గెలిచినవాళ్లని కుక్కలనడం అన్యాయం. ఏడుగురిలో ముగ్గురిమీదే ఎన్నిక జరగడానికి కారణం కూడా చూడాలి. మిగతావాళ్లు 2020 నవంబరులోనే గెలిచారు, రీకాల్‌కి అప్పటికి గడువు రాలేదు. దింపడానికి కూడా ఒక పద్ధతి పెట్టుకున్న ఊరు అది. ఆ పద్యంలో పద్ధతేముంది? గుణం మారదని తీర్పు చెప్పేసి ఊరుకుంటుంది.

కందం అభిమాని:
దాని మూడో పాదం "దొనరగ బట్టము గట్టిన"నా, "పట్టము"నా? మా పుస్తకంలో "పట్టము" అనే ఉంది.

తెనాలి మాస్టారు:
"ఒనరగన్" ద్రుతాంతం, అంటే నకారంతో ముగిసే మాట. ద్రుతం మీద పరుషం సరళమవుతుంది, "బట్టము" సాధువు. "గట్టిన"లో "గ" వేరే సూత్రం, అది గసడదవాదేశం. మీ పుస్తకం ముద్రణ ఏ సంవత్సరందో చూసి చెప్పండి, ఆ పేజీ ఫొటో కూడా పెట్టండి.