అప్‌డేట్: ఏసీ గొట్టం నుంచి నీరు కారడం ఆగింది

ఏసీ రాగి గొట్టానికి చుట్టిన స్పాంజి తడిసి, గోడ వెంట నీరు కారుతోందని, దానికి బదులు ఏమి వాడాలని ఇంతకుముందు అడిగాను. మీ సలహా ప్రకారం స్పాంజిని తీసివేసి, క్లోజ్డ్ సెల్ నైట్రైల్ రబ్బరు ఫోమ్ తొడుగు వేయించాను. ఇందులోని సూక్ష్మమైన గాలి అరలు దేనికది మూసుకుని ఉండడం వల్ల గదిలోని తేమ చల్లని రాగిని చేరలేదు; స్పాంజిలో అరలు ఒకదానిలోకి ఒకటి తెరుచుకోవడంతో అది నీటిని పీల్చుకునేది.

అయినా మొదటి రెండు రోజులు వంపు దగ్గర చుక్కలు పడ్డాయి. వేలితో తడిమి చూడగా, తొడుగు అతుకు గోరు పట్టేంత విచ్చుకుని ఉంది. తేమ ప్రవేశించడానికి ఆ సందు చాలు. అతుకును ఆరబెట్టి, జిగురు పూసి, టేపు చుట్టిన తరువాత గోడ పొడిగానే ఉంది. ఎండ తగిలితే ఈ రబ్బరు పెళుసుబారుతుంది కనుక బయటి భాగానికి కవచం కూడా వేయించాను.