మన సీను మనమే మళ్లీ చూసుకోవాలా, వద్దా?

మూడోటేక్ (చర్చ మొదలుపెట్టినవారు)

చిన్న వేషాలు వేయడం మొదలుపెట్టి 11 ఏళ్లయింది. నేను చేసింది నేను మొదటి నుంచి చివరిదాకా చూసుకున్నది మహా అయితే మూడుసార్లు. మొన్న ఒక సిరీస్‌లో నా సీను వచ్చింది. ఇంట్లో అందరూ కూర్చుని చూస్తుంటే నేను బాత్రూంలో కుళాయి తిప్పేసి నిలబడ్డాను, డైలాగ్ వినబడకుండా.

అర్ధరాత్రి ఒక్కణ్నే ఫోన్‌లో, సౌండ్ ఆపేసి చూశాను. ఆసుపత్రి వరండా. నాన్న పోయాడని తమ్ముడికి చెప్పాలి. మొత్తం నిమిషం నలభై సెకన్లు. నాకు కనబడింది నా ఎడమ చెయ్యి ఒక్కటే. జేబులోకి వెళ్తుంది, బయటికొస్తుంది, మళ్లీ జేబులోకి. అసలు మాట చెప్పే చోట నా మొహం మీద ఉండాల్సిన షాట్ తమ్ముడి మీదకు వెళ్లిపోయింది. సరిగ్గా చేయలేదు కాబట్టే లేపేశారని అప్పటినుంచీ లోపల ఒకటే నస. ఈపాటికి ఒక పదిహేనుసార్లు చూసుంటాను.

చూడకపోతే ఎలా నేర్చుకుంటావని కొందరంటారు, చూశావో పోయావంతే అని కొందరు. మీరేమంటారు?

కత్తెరపని

మాస్టారూ, నేను ఎడిటర్ని. రోజంతా ఇతరుల మొహాలు చూసే ఉద్యోగం. చావు కబురు చెప్పేవాడి కంటే వినేవాడి మొహం మీదే ఎక్కువ పని ఉంటుంది, సగం మంది ఎడిటర్లు అక్కడికే వెళ్తారు. అదొకటి. ఫోకస్ జారి ఉండొచ్చు, ఫ్రేములోకి మైకు దిగి ఉండొచ్చు, ఎపిసోడ్ నిడివి ఎక్కువై ఉండొచ్చు. ఇక మీ చెయ్యి సంగతి. ఒక టేకులో జేబులో ఉండి, ఇంకో టేకులో అదే మాట దగ్గర బయట ఉంటే ఆ రెండు షాట్లు అతకవు. అప్పుడు మేం పరిగెత్తేది ఎదుటివాడి మొహం దగ్గరికే. మీ నటన బాగున్నా సరే.

అంటే చూడాలనే నా ఓటు. చూశారు కాబట్టే చెయ్యి కనబడింది. కానీ ఒక్కసారే చూడండి, పగలు చూడండి, సౌండ్‌తో చూడండి. మాట లేకుండా చూస్తే ఎవరి చెయ్యైనా పిచ్చిదానిలాగే కనబడుతుంది.

పాతరంగస్థలం

బాబూ, నేను 30 ఏళ్లు నాటకాలాడాను. మాకు చూసుకునే భాగ్యం లేదు, అదే అదృష్టం. ఆడింది ఆడినట్టు గాల్లో కలిసిపోయేది, మర్నాడు కొత్త ఆట.

ఆడమ్ డ్రైవర్ అనే హాలీవుడ్ నటుడు 2019లో ఒక రేడియో ఇంటర్వ్యూలో తన సినిమా ముక్క వినిపించబోతే లేచి వెళ్లిపోయాడు. జనం పొగరన్నారు. నాకైతే అందులో పొగరేమీ కనబడలేదు. తనను తాను చూసుకున్నాక బయటినుంచి నటించడం మొదలవుతుంది. ఎడిటర్ గారు చెప్పింది నిజమే అనుకో. రేపు సెట్‌లో ఏం చేస్తావు? తండ్రి పోయినవాడిలా ఉంటావా, చేతికి కాపలా కాస్తావా?

లూప్_నంబర్_ఏడు

చూడకుండా ఉండే సౌకర్యం మీ ఇద్దరికీ ఉంది, నాకు లేదు. డబ్బింగ్ ఆర్టిస్టుని. నా గొంతు నేనే రోజుకు వందలసార్లు వినాలి.

మొదటి నెల ఏడ్చాను. ఇంత పీలగా ఉందేంటి, నన్నెందుకు పిలిచారు, రేపో మాపో తీసేస్తారు అని. తర్వాత మా సౌండ్ ఇంజినీర్ చెప్పారు. మనం మాట్లాడేటప్పుడు మన గొంతు గాలిలోంచే కాదు, పుర్రె ఎముకల్లోంచి కూడా చెవికి చేరుతుంది. ఆ దారిలో బరువైన స్వరాలు బాగా వస్తాయి. రికార్డింగ్‌లో ఆ భాగం ఉండదు, అందుకే పలచగా, పరాయిగా వినిపిస్తుంది. 1966లోనే హోల్జ్‌మన్, రూసీ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఈ ఇబ్బంది మీద పరిశోధన పత్రం రాశారట. మొహానికీ ఇంతే. రోజూ అద్దంలో చూసుకునేది కుడి ఎడమైన మొహం. కెమెరా చూపించేది లోకం చూసేది. అలవాటు లేనిది కాబట్టి వంకరగా అనిపిస్తుంది.

మొదట కలిగే అసహ్యానికీ పనితనానికీ సంబంధం లేదని చెప్పడానికే ఇదంతా. నా గొంతు ఎవరిదో అన్నట్టు వినిపించేదాకా విన్నాను. అప్పుడు గాని తప్పులు తెలియలేదు. చూడండి అన్నయ్యా. ఇంకా చూడండి.

మూడోటేక్

పదిహేనుసార్లు చూశానమ్మా. పదహారోసారికి అది నేను కాకుండా పోతుందా? నాకైతే చూసినకొద్దీ నేనే ఎక్కువవుతున్నాను.

మైకుముందు

స్టాండప్ చేస్తాను. ప్రతి షో రికార్డు చేసి మర్నాడు పొద్దున్నే వింటాను. ఎక్కడ నవ్వారు, ఎక్కడ నవ్వలేదు, ఎక్కడ నేనే తొందరపడ్డాను, అంతవరకే. రాత్రి మాత్రం వినను. రాత్రి విన్నవాడు ఆర్టిస్టు కాదు, నేరస్తుడి మీద కేసు రాసే పోలీసు. మీరు అర్ధరాత్రి పదిహేనుసార్లు చేసింది చూడటం కాదు, పుండు గోక్కోవడం. నిద్ర కూడా పోతోందంటే డాక్టర్ని కలవండి, ఇక్కడ మమ్మల్ని కాదు.

ఇంకోటి. 2000లో అచ్చయిన ఒక ప్రయోగంలో స్టూడెంట్లకు ఒక గాయకుడి బొమ్మ ఉన్న, వేసుకోవడానికి సిగ్గుపడే టీషర్టు తొడిగి మరికొందరు స్టూడెంట్లున్న గదిలోకి పంపారు. దాదాపు సగం మంది గమనించి ఉంటారని వాళ్లనుకున్నారు. నిజంగా గమనించింది దాదాపు పావు వంతు మంది. మీ చెయ్యి చూసినవాళ్లు అంతకన్నా తక్కువే ఉంటారు.

పాతరంగస్థలం

నీకు జనం నవ్వి చెబుతారయ్యా. ఇతనికి చెప్పేవాళ్లెవరు? చీకట్లో తన బుర్రే జడ్జి, తన బుర్రే లాయరు.

కత్తెరపని

పెద్దాయనకు ఒక ఎదురు ఉదాహరణ. గ్లెన్ గూల్డ్ అని కెనడా పియానో విద్వాంసుడు. 1964లో, 31 ఏళ్లకే కచేరీలు మానేసి స్టూడియోలోనే ఉండిపోయాడు. అంటే మిగతా జీవితమంతా తన పని తాను వింటూ కోసుకుంటూ అతికించుకుంటూ గడిపినవాడు. 22 ఏళ్లప్పుడు, 1955లో, జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ అనే సంగీత రచన రికార్డు చేశాడు. దాంతోనే పేరొచ్చింది. చాలా ఏళ్ల తర్వాత అదే రికార్డు మళ్లీ విన్నాడు. వాయించిన ఆ కుర్రాడెవరో తనకు పోల్చుకోవడానికే రాలేదన్నట్టు మాట్లాడాడు. 1981లో మొత్తం మళ్లీ వాయించాడు. మొదటిది 38 నిమిషాలు, రెండోది 51. వినకపోయి ఉంటే ఆ రెండోది ఉండేదా?

పాతరంగస్థలం

గూల్డ్‌కి 26 ఏళ్ల తర్వాత అదే ముక్క మళ్లీ వాయించే వీలు దొరికింది. ఈ అబ్బాయికి ఆ వరండా సీను మళ్లీ ఎవరిస్తారు?

కత్తెరపని

దీనికి నా దగ్గర జవాబు లేదు సార్.

వేషంకట్టనిది

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. మీరంతా చేసినదాని గురించి కొట్టుకుంటున్నారు. నా దగ్గర చూసుకోవడానికేమీ లేదు.

28 ఏళ్లప్పుడు ఒక నాటకంలో పెద్ద వేషం, ఆరు నెలల టూర్. డైరెక్టర్ స్వయంగా ఫోన్ చేశారు. నాలుగు రోజులు టైం అడిగాను. ఆ నాలుగు రోజులూ అద్దం ముందు మొదటి పేజీ చదువుకున్నాను. ప్రతిసారీ మూడో వాక్యం దగ్గర గొంతు సన్నబడేది. నాలుగో రోజు ఒంట్లో బాగాలేదని చెప్పేశాను. ఆ వేషం వేసినావిడ నాకన్నా గొప్పగా ఏమీ చేయలేదు. అది చూసి ఊరట పడాలి కదా, అప్పుడే ఎక్కువ కాలింది.

గిలోవిచ్, మెడ్వెక్ అనే పరిశోధకులు 1990లలో దీని మీదే పనిచేశారు. చేసిన పనికి పశ్చాత్తాపం అప్పటికప్పుడు గట్టిగా తగులుతుందట, ఏళ్లు గడిచేకొద్దీ చేయనివే పైకి తేలతాయట. అది చదివి తెలుసుకోవాల్సిన అవసరం నాకు లేకపోయింది. మూడోటేక్ గారూ, మీ చెయ్యి జేబులోకి వెళ్లిందని బాధ. నా చెయ్యి తెర మీదే లేదు.

మైకుముందు

అలా పోల్చడం ఆయనకేం సాయమండీ? మీ బాధ పెద్దదైతే ఆయనది చిన్నదవుతుందా?

వేషంకట్టనిది

చిన్నదని అనలేదు. ఆయనకు పదిహేనుసార్లు తిట్టుకోవడానికైనా నిమిషం నలభై సెకన్లు ఉన్నాయన్నాను. అసూయే. ఒప్పుకుంటాను.

లూప్_నంబర్_ఏడు

అక్కా, ఆ వయసు పాత్రలు కాకపోతే ఈ వయసు పాత్రలున్నాయి. గొంతు సన్నబడే మూడో వాక్యం రికార్డు చేసి ఒకసారి వినండి. నేనైతే అక్కడే మొదలుపెడతాను.

మూడోటేక్

రెండు రోజులు ఇటువైపు రాలేదు. చెప్పకూడదు గానీ చెప్తున్నాను. ఆ సిరీస్ అసిస్టెంట్ డైరెక్టర్‌కి మెసేజ్ పెట్టాను, నా క్లోజప్ ఎందుకు తీసేశారని. గంట తర్వాత జవాబు: "ఏ సీను అన్నా?" వరండా, తమ్ముడు, నాన్న అని అంతా వివరించాను. "ఓ అదా. ఆ ఎపిసోడ్ లెంగ్త్ ఎక్కువైందని చాలా కట్ చేశాం. నీ షాట్ గుర్తులేదన్నా, సారీ."

లూప్_నంబర్_ఏడు

హమ్మయ్య అనిపించిందా?

మూడోటేక్

లేదు. కోపం వచ్చింది. ఇన్ని రాత్రులు నేను మోసినదాన్ని వాడు ఒక్కపూట కూడా మోయలేదు. చెత్తగా చేశావని వాడంటే కనీసం నా సీను గుర్తున్నట్టు. టీషర్టు లెక్క నిజమే కావచ్చు మైకుముందు గారూ, దానివల్ల బాధ తగ్గుతుందన్నది మాత్రం నాకు అబద్ధం.

అయితే ఆ కోపంలో ఫోన్‌లో దాచుకున్న ఆ వీడియో తీసేశాను. చూడాలా వద్దా అనేది తేలలేదు, చూడబుద్ధి కావట్లేదంతే.

ఎల్లుండి షూటింగ్ ఉంది. బ్యాంకు మేనేజర్ వేషం, రెండు పేజీల డైలాగ్, నిలబడే చెప్పాలి. ప్యాంటు జేబులు కుట్టేయమని కాస్ట్యూమ్ వాళ్లని అడిగితే ఏమనుకుంటారు?

కత్తెరపని

ఏమనుకుంటే ఏం, నాకు పని తగ్గుతుంది.

పాతరంగస్థలం

ముందురోజు సాయంత్రమే అడుగు బాబూ. షాట్ ముందు అడిగితే తిడతారు.