నాకు దువ్వాడలో, ఆవిడకి ద్వారకానగర్‌లో ఉద్యోగం: 12 వేల లోపు ఇల్లు ఎటువైపు చూడాలి?

పలాస_నుంచి
నమస్తే అండి. నాకు వైజాగ్‌లో దువ్వాడ సెజ్‌లో పని దొరికింది, మా ఆవిడ ద్వారకానగర్‌లో ఒక ల్యాబ్‌లో చేరుతోంది. మూడేళ్ల పాప ఉంది, పాపని చూసుకోడానికి మా అమ్మ కూడా మాతోనే వస్తోంది. మెయింటెనెన్స్‌తో కలిపి 12 వేలు దాటకూడదు, డబుల్ బెడ్‌రూం కావాలి. రెండు ఆదివారాలు తిరిగాం. ఎంవీపీ, సీతమ్మధార మా వల్ల కాదు. మధురవాడలో ఒకటి దొరికింది కానీ అక్కడి నుంచి దువ్వాడ అంటే ఊరి ఆ చివర నుంచి ఈ చివరకి రోజూ తిరగాలి. అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు. నిన్న నెట్‌లో మర్రిపాలెంలో ఒకటి చూశాను, ఫొటోలు చాలా బాగున్నాయి, 9 వేలేనట. ఓనర్ ఆర్మీలో ఉన్నారట, టోకెన్ కింద 5 వేలు పంపితే తాళాలు పంపిస్తానంటున్నారు. పంపమంటారా?

గోపాలపట్నం_అన్న
పంపకు తమ్ముడూ. ఇల్లు కళ్లతో చూడకుండా రూపాయి కూడా వద్దు. యూనిఫాం ఫొటో, ఐడీ కార్డు పెట్టి నమ్మించి టోకెన్ లాగేసే మోసం ఎప్పటి నుంచో ఉంది. ఇప్పటికే పంపేసి ఉంటే మాత్రం ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి.

మీ ఇద్దరికీ మధ్యలో పడేది ఎన్ఏడీ జంక్షన్. మర్రిపాలెం, బుచ్చిరాజుపాలెం, గోపాలపట్నం చూడండి, అక్కడి నుంచి ఇద్దరికీ బస్సులుంటాయి. మెయిన్ రోడ్డు మీద అపార్టుమెంట్లు వదిలేసి లోపలి వీధుల్లో నడవండి. పాత ఇళ్లలో ఓనర్లు పైన ఉండి కింద పోర్షన్ అద్దెకిస్తారు, మీ అమ్మగారికి అదే నయం. ఇలాంటివి చాలావరకు నెట్‌లోకి రావు, గేటుకి టు-లెట్ బోర్డు కడతారు, అంతే. ఏ ఇల్లు ఖాళీ అవుతోందో వీధి చివర ఇస్త్రీ బండి ఆయనని అడుగు, బ్రోకర్ కంటే ముందు ఆయనకే తెలుస్తుంది. నాకు 9,500కి దొరికింది అలాగే, బ్రోకర్‌కి ఇవ్వాల్సిన ఒక నెల అద్దె కూడా మిగిలింది.

కంచరపాలెం_అక్క
అద్దె కంటే ముందు నీళ్లు చూడండి. మేం ఇదివరకు ఉన్న ఇంట్లో అన్నీ బాగున్నాయని అడ్వాన్స్ ఇచ్చేశాం, చేరాక తెలిసింది అంతా బోరు నీళ్లేనని. పప్పు ఎంతసేపు ఉంచినా ఉడికేది కాదు, బకెట్ అడుగున తెల్లగా పొరలు కట్టేది, మా అమ్మాయికి జుట్టు ఊడిపోతుంటే ఏడుపొచ్చేది. వంటింటి కుళాయి మూతి దగ్గర సున్నంలా గట్టిపడిందేమో చూడండి. ఒక సీసాతో నీళ్లు తెచ్చుకుని ఇంట్లో గుప్పెడు కందిపప్పు వేసి ఉడికించండి. జీవీఎంసీ (మున్సిపాలిటీ) కుళాయి ఉందా, ఎన్నింటికి వదులుతారు అన్నది ఓనర్‌ని కాదు, పక్కింటి ఆవిడని అడగండి.

ఇంకొకటి, పోర్టుకి దగ్గరగా కాన్వెంట్ జంక్షన్, జ్ఞానాపురం వైపు అద్దె తక్కువని వెళ్తే కిటికీ గట్టు మీద వేలు పెట్టి గీయండి, బొగ్గు నుసి నల్లగా అంటుకుంటుంది. చిన్నపిల్లతో వద్దమ్మా.

అద్దె_అనుభవం
అగ్రిమెంట్ 11 నెలలకి రాస్తారు, కంగారు పడకండి, అందరూ అలాగే రాసుకుంటారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారో మాత్రం ముందే అందులో రాయించండి. నాకు నోటిమాటగా ఏమీ పట్టుకోనని చెప్పి, తీరా ఒక నెల అద్దె మొత్తం కోసేశారు. కరెంటు మీటర్ మీకు వేరుగా ఉండాలి, సర్వీస్ నంబర్ తీసుకుని పాత బాకీ ఉందేమో చూసుకోండి. మీకు పట్టింపు లేకపోతే ఆషాఢంలో అడగండి, ఎవరూ ఇల్లు మారరు కాబట్టి బేరం కుదురుతుంది.

పలాస_నుంచి
అందరికీ థాంక్స్ అండి. డబ్బు పంపలేదు. ఒకసారి వచ్చి ఇల్లు చూస్తానన్నాను, అంతే, ఆ నంబర్ నన్ను బ్లాక్ చేసింది. ఇవాళ బుచ్చిరాజుపాలెంలో ఇస్త్రీ ఆయన చూపించిన ఇల్లు చూశాం. కింద పోర్షన్, 10,500, రెండు నెలల అడ్వాన్స్. బాత్రూం వెనక గోడకి చెమ్మ పట్టి పెయింట్ పొంగింది, వేలితో నొక్కితే రాలుతోంది. బాగు చేయించి ఇస్తామన్నారు. బాగు చేశాకే అడ్వాన్స్ ఇస్తానని చెప్పాను. అక్కా, సీసాతో నీళ్లు తెచ్చాం, అమ్మ ఇప్పుడే కందిపప్పు పొయ్యి మీద పెట్టింది.