తెలిసినవారి బండా, చెన్నై బండా? నాలుగున్నర లక్షల్లో ఏది నమ్మదగింది?

నెల్లూరు ఉపాధ్యాయుడు (మాగుంట లేఅవుట్):

సభ్యులందరికీ నమస్కారం. కావలిలో ఉంటున్న మా అమ్మానాన్నలను తరచుగా ఆసుపత్రికి తీసుకెళ్లవలసి వస్తోంది కాబట్టి ఒక పాత కారు కొనాలని నిర్ణయించుకున్నాను. వారానికోసారి కావలి, మిగతా రోజుల్లో ఊళ్లో తిరుగుడు కలిపితే నెలకు 600 కిలోమీటర్లు దాటదు. అన్ని ఖర్చులూ కలుపుకొని నాలుగున్నర లక్షలకు మించి పెట్టలేను.

ప్రస్తుతం రెండు బండ్లు చూపులో ఉన్నాయి. ఒకటి చెన్నైలో ఒక వ్యాపారి దగ్గర ఉన్న 2016 నాటి చిన్న పెట్రోలు కారు. మీటరు 48,000 కిలోమీటర్లు చూపిస్తోంది, ధర 3.40 లక్షలు. రెండోది మా తోడల్లుడి స్నేహితుడిది. ఆయన ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు సాగు చేస్తారు. 2017 నాటి డీజిల్ కారు, 1.12 లక్షల కిలోమీటర్లు తిరిగింది, 4.30 లక్షలు చెబుతున్నారు. ఇంట్లో అందరూ తెలిసినవారి బండే తీసుకోమంటున్నారు. తెలిసినవారి దగ్గర కొనడం నిజంగానే భద్రమా, లేక అది మనకు మనం చెప్పుకునే ధైర్యం మాత్రమేనా?

కావలి వ్యాపారి:

మాస్టారూ, ఇందులో ఆలోచించవలసింది ఏమీ లేదు. తెలిసినవారి బండే కొనండి.

నేను 2016లో చెన్నై నుంచి ఒక కారు తెచ్చుకున్నాను. చూడటానికి అద్దంలా ఉంది, ధర మన దగ్గరకంటే 70 వేలు తక్కువ. నాలుగు నెలలు ఏ ఇబ్బందీ పెట్టలేదు. తరువాత ఒక రోజు కిటికీ అద్దం దిగలేదు, మరో వారానికి హారన్ మోగలేదు, ఆపైన నడుస్తున్న బండి హైవే మీద ఉన్నపళంగా ఆగిపోయింది. ఎలక్ట్రీషియన్ డ్యాష్‌బోర్డు విప్పి చూపించినప్పుడు వైర్ల కనెక్టర్లన్నీ పచ్చగా చిలుముపట్టి ఉన్నాయి. డిక్కీలో స్టెప్నీ తీసి చూస్తే, దాని కింద గుంటలో ఎండిన ఒండ్రు బిళ్లలు బిళ్లలుగా ఊడి వచ్చింది. 2015 డిసెంబరు వరదలో మునిగిన బండిని కడిగి, సీటు కవర్లు మార్చి నాకు అమ్మారని అప్పుడు అర్థమైంది. అమ్మినవారికి ఫోను చేస్తే, కొన్నప్పుడు మీరే చూసుకోవలసింది అన్నారు. అదే మన ఊరివారైతే నేను వారి గుమ్మంలో కూర్చుని అడిగేవాణ్ణి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు కూడా చెన్నైలో ఎన్ని కార్లు నీళ్లలో ఉన్నాయో టీవీలో అందరం చూశాం. ఆ బండ్లన్నీ తుక్కు కింద పోయాయని నేను అనుకోను.

ఒంగోలు బ్యాంకు ఉద్యోగి:

కావలి వ్యాపారి గారికి జరిగిన నష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ దాని నుంచి ఆయన తీసుకున్న నిర్ణయంతో నాకు పూర్తిగా భేదాభిప్రాయం ఉంది. నీళ్లు చెన్నైకి మాత్రమే రావు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కోవూరు, పడుగుపాడు దగ్గర హైవే ఏమైందో, రైలు పట్టాల కింద కట్ట ఎలా కొట్టుకుపోయిందో ఈ జిల్లావారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఆ నీళ్లలో నిలిచిన బండ్లు నెల్లూరు నంబరు ప్లేటుతోనే తిరుగుతున్నాయి. పైగా 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరుస వచ్చాక, ఇది ఏపీ 26, మన నెల్లూరు బండి, అది ఏపీ 27, మన ఒంగోలు బండి అని కొత్త బండ్ల ప్లేటు చూసి చెప్పే వీలు కూడా పోయింది.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. దాన్ని నేను మొహమాటం అంటాను. 2019లో మా శాఖలోనే పనిచేసి బదిలీ మీద వెళుతున్న ఒక పెద్దాయన దగ్గర కారు కొన్నాను. ఆయన మంచివారు, ఇప్పటికీ నాకు ఆయన మీద గౌరవం ఉంది. వారింటికి వెళితే కాఫీ ఇచ్చారు, పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నాం, తాళాలు చేతిలో పెట్టి ఒక రౌండు తిప్పి రమ్మన్నారు. ఆ కాఫీ తాగిన తరువాత, సార్, మీ బండిని లిఫ్టు మీద ఎక్కించి అడుగు చూడాలి అనడానికి నాకు నోరు రాలేదు. బానెట్ ఎత్తమని అడగడం కూడా ఆయన మాట మీద అనుమానపడినట్టే అవుతుందనిపించింది. బేరమూ ఆడలేదు, ఆయన చెప్పిన ధర ఇచ్చేశాను.

ఆరు నెలల్లో ముందు టైర్లు రెండూ లోపలి అంచు వైపు మాత్రమే అరిగి తీగలు తేలాయి. ఎలైన్‌మెంటు ఎన్నిసార్లు చేయించినా అదే వరస. చివరికి బానెట్ కింద ఫెండర్ (ముందు చక్రం పైనుండే రేకు) బోల్టులు చూపించి, వీటి తలల మీద రంగు చెదిరింది, అంటే ఒకసారి విప్పి బిగించారు అని మెకానిక్ చెప్పాడు. ముందు భాగం గట్టిగా గుద్దుకుని, రేడియేటరు ముందున్న ఫ్రేమును లాగి సరిచేసిన బండి అది. ఆ పెద్దాయన నన్ను మోసం చేయలేదు. ఆయన కూడా దాన్ని సెకండ్ హ్యాండ్‌లోనే, మరొక తెలిసినవారి దగ్గర, ఇలాగే కాఫీ తాగి కొన్నారు.

తెలియని వ్యాపారి దగ్గరైతే మనం నలుగురిని వెంటబెట్టుకుని వెళతాం, స్టెప్నీ తీయిస్తాం, మ్యాటు ఎత్తిస్తాం, తుక్కు కొంటున్నట్టు బేరమాడతాం. తెలిసినవారి దగ్గర ఈ పనులు ఒక్కటీ చేయం. అందుకే తెలిసినవారి బండి భద్రం అనే మాట నేను ఒప్పుకోను. తెలిసినవారు చూడనిస్తే భద్రం. చూడకుండా కొంటే చెన్నై అయినా చీరాల అయినా ఒకటే. మాస్టారు గారు అడగవలసింది ఎవరి బండి అని కాదు, ఎవరి బండిని కింద పడుకుని చూడగలను అని.

చీమకుర్తి మెకానిక్:

నేను 22 సంవత్సరాలుగా ఈ పనిలో ఉన్నాను. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది గానీ, రెండు బండ్లనూ ఒకే కొలతతో చూడకూడదు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

చెన్నై బండిలో వెతకవలసింది నీళ్లు. సీటు కవర్లు, మ్యాట్లు, సువాసన డబ్బాలు చూసి మోసపోవద్దు. ముందు సీటు బెల్టును చివరి వరకు లాగి, మామూలుగా లోపలే చుట్టుకుని ఉండే ఆ చివరి మూర ముక్కను వెలుతురులో చూడండి. నీళ్లు ఎక్కిన బండిలో అక్కడ అడ్డంగా మట్టి చార ఉంటుంది. కొత్త బెల్టు వేసి ఉంటే, ఎందుకు మార్చారని అడగండి. సీటు కింద పట్టాల చివర తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు, డ్యాష్‌బోర్డు కింద వైర్ల దగ్గర పచ్చ చిలుము, ఇవి నీటి గుర్తులు. 48,000 అన్న మీటరును మాత్రం నేను అసలు లెక్కలోకి తీసుకోను, ఎందుకంటే మీటరు వెనక్కి తిప్పడం పది నిమిషాల పని. బ్రేకు పెడలు రబ్బరు, స్టీరింగు మీద చేయి పడే చోటు, డ్రైవరు సీటు అంచు నిజం చెబుతాయి. టైరు ఎప్పటిదో కూడా చూడండి, దాని పక్కన చివర నాలుగు అంకెలు ఉంటాయి. 3522 అని ఉంటే 2022లో 35వ వారంలో తయారైనదని అర్థం. అన్నిటికంటే గట్టి ఆధారం కంపెనీ సర్వీసు సెంటర్ రికార్డు. సర్వీసుకు వచ్చిన ప్రతిసారీ అక్కడ కిలోమీటర్లు రాస్తారు. 2020లోనే 70,000 రాసి ఉంటే ఇప్పటి 48,000 ఎక్కడి నుంచి వచ్చిందో వ్యాపారినే అడగవచ్చు.

రొయ్యల గుంటల బండికి వేరే జబ్బు ఉంటుంది. గట్ల మీద ఉప్పునీటి బురదలో రోజూ తిరిగిన బండి పైకి ఎంత మెరిసినా, అడుగున బ్రేకు పైపులు, వెనక ఇరుసు, సైలెన్సరు పట్టీలను తుప్పు తినేసి ఉంటుంది. మా చీమకుర్తి గ్రానైటు క్వారీల బండ్లలో దుమ్ము ఎయిర్ ఫిల్టరు దాటి ఇంజను తినేస్తుంది, సముద్రం పక్క బండ్లలో ఉప్పు ఒళ్లు తినేస్తుంది. అందుకే ఆ బండిని లిఫ్టు ఎక్కించకుండా కొనవద్దని నేను గట్టిగా చెబుతున్నాను.

మీరు వెళ్లేసరికే ఇంజను వేడిగా ఉంటే ఆ రోజుకు వెనక్కి వచ్చేయండి, మరుసటి రోజు ఉదయం వెళ్లండి. ఉదయాన్నే చల్లటి ఇంజను ఎలా అందుకుంటుందన్నది ముఖ్యం. ముందే స్టార్టు చేసి పెట్టేది అది మీకు కనపడకూడదనే. బానెట్ మీద చేయి పెడితే తెలిసిపోతుంది. డీజిల్ ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత విప్పి తలకిందులుగా ఆ రంధ్రం మీదే పెట్టండి. అది గజగజ ఎగిరిపడుతూ, పొగ గుప్పుగుప్పున వస్తుంటే పిస్టన్ రింగులు అరిగాయని లెక్క. సైలెన్సరు నుంచి నీలం పొగ వస్తే ఆయిలు కాలుతోంది. ఆయిలు మూత లోపలి వైపు పాలు కలిపిన టీలా మీగడ కట్టి ఉంటే కూలెంటు (ఇంజనును చల్లబరిచే ద్రవం) ఆయిల్లో కలిసిందని అనుమానించాలి.

మాస్టారి వాడకానికి డీజిల్ అవసరమా అన్నది కూడా చెప్పాలి. పెట్రోలు లీటరుకు 15, డీజిల్ 20 కిలోమీటర్లు వస్తుందనుకుంటే, 600 కిలోమీటర్లకు 40 లీటర్ల పెట్రోలు, 30 లీటర్ల డీజిల్ పడుతుంది. లీటరు పెట్రోలు 110, డీజిల్ 97 రూపాయలనుకుంటే డీజిల్ బండితో నెలకు సుమారు 1,500 మిగులుతుంది. పాత డీజిల్ బండిలో టర్బో గానీ ఇంజక్టర్లు గానీ ఒక్కసారి పోతే అలా మిగిలినదంతా అక్కడికే పోతుంది. అయితే 2016 పెట్రోలు బండికీ ఒక జాగ్రత్త ఉంది. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, ఆ కాలపు బండ్లు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. కాబట్టి ఇంధనపు గొట్టాల రబ్బరు పగుళ్లు చూపించుకోండి.

సింగరాయకొండ సభ్యురాలు:

ఇంజను గురించి అందరూ రాశారు, కాగితాల గురించి ఎవరూ రాయలేదు. మా వారు పోయిన తరువాత ఆయన పేరు మీద లేని కారును నా పేరుకు మార్చుకోవడానికి ఏడాదిన్నర తిరిగాను కాబట్టి ఈ మాట చెప్పే హక్కు నాకుంది. ఆ బండీ తెలిసినవారిదే. మనవాళ్లే కదా, పేరు నెమ్మదిగా మార్చుకుందాం అనుకుని మూడేళ్లు అలాగే నడిపారు.

మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం కొన్నవారు 30 రోజుల్లో బదిలీకి దరఖాస్తు చేయాలి. అమ్మినవారు అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లో తెలియజేయాలి. ఇది అమ్మినవారికీ మంచిదే. బండి ఎన్ని చేతులు మారినా, రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి వారే బాధ్యులని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఈ ఒక్క విషయం చెబితే, మొహమాటపడేవారు కూడా మరుసటి రోజే సంతకాలు పెడతారు. సంతకాలకు ముందు ప్రభుత్వ వాహనాల వెబ్‌సైటు పరివాహన్‌లో నంబరు కొట్టి, బండి మీద అప్పు ఉందో లేదో, ఎన్నో యజమానో, చలాన్లు ఎన్ని ఉన్నాయో చూసుకోండి. అప్పు తీరిందని నోటితో చెబితే సరిపోదు, బ్యాంకు నిరభ్యంతర పత్రమూ, బండి మీద అప్పు రద్దయిందని తెలిపే ఫారం 35 చేతికి రావాలి.

చెన్నై బండి 90 వేలు తక్కువ అని మాస్టారు అనుకుంటున్నారు గానీ, అక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం (ఎన్ఓసీ) తేవాలి, ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ టాక్స్ మళ్లీ కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి. అక్కడ కట్టిన పన్నులో మిగిలిన భాగం తిరిగి అడగవచ్చు, కానీ దానికోసం చెన్నై చుట్టూ తిరగవలసింది మీరే. బండి చూడకముందే మన రవాణా కార్యాలయంలో ఆ లెక్క వేయించుకోండి. బీమా కూడా 14 రోజుల్లో మీ పేరుకు మార్చుకోకపోతే మీ బండికి జరిగిన నష్టానికి పరిహారం రాదు. అమ్మేవారి నో క్లెయిమ్ బోనస్ (పరిహారం అడగనందుకు బీమాలో వచ్చే తగ్గింపు) మీకు రాదు, అది మనిషిదే గానీ బండిది కాదు.

కావలి వ్యాపారి:

ఒంగోలు వారు చెప్పిన కాఫీ సంగతి చదివాక నేను కొంత ఆలోచించాను. ఆ మొహమాటం నాకూ ఉంది, కాదనను. అయినా నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. లోపం బయటపడిన రోజున ఎవరి ముఖం చూసి అడుగుతాం అన్నది కూడా లెక్కలోకి రావాలి. చెన్నై వ్యాపారి ఫోను ఎత్తకపోతే నేను అంత దూరం వెళ్లి ఏం చేయగలను?

ఒంగోలు బ్యాంకు ఉద్యోగి:

లోపం బయటపడ్డాక అడగగలగడం కంటే, బయటపడకముందే చూడగలగడం మేలని నా అభిప్రాయం. నేను ఆ పెద్దాయనను ఈ రోజు వరకూ అడగలేదు. తెలిసినవారు కాబట్టే అడగలేకపోయాను.

నెల్లూరు ఉపాధ్యాయుడు (మాగుంట లేఅవుట్):

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఆదివారం జరిగింది రాస్తున్నాను.

తోడల్లుడి స్నేహితుడికి ముందురోజు రాత్రే ఫోను చేసి, అన్నా, ఉదయం నేను వచ్చేదాకా బండి స్టార్టు చేయొద్దు, తరువాత మనిద్దరం కలిసి దాన్ని లిఫ్టు మీద చూపిద్దాం అన్నాను. ఆ మాట అనడానికి ముందు నేను ఫోను రెండుసార్లు తీసి పెట్టేశాను. ఆయన మాత్రం ఏమీ అనుకోలేదు, నాకూ తెలుస్తుంది కదా, పద అన్నారు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే ఒక్క తిప్పుకు అందుకుంది. మూత తలకిందులుగా పెడితే కదలలేదు. పైకి లేపాక మాత్రం వెనక చక్రాల వైపు వెళ్లే బ్రేకు పైపు మీద తుప్పు పొరలు పొరలుగా లేచి కనిపించింది. మెకానిక్ గోటితో గీకితే పొర ఊడి ఆయన అరచేతిలో పడింది. దాన్ని చూసి మాకంటే ముందు యజమానే కంగారుపడ్డారు. ఆ బండిలో ఆయన పిల్లలు వారం వారం మైపాడు బీచికి వెళుతున్నారట.

పైపులు, సైలెన్సరు పట్టీలు, వెనక బుష్‌లు కలిపి 28 వేలు అవుతుందని అక్కడే రాసిచ్చారు. ధరలో 40 వేలు తగ్గిస్తానని, పైపులు మాత్రం నేను కొన్నా కొనకపోయినా ఈ వారమే మార్పిస్తానని ఆయన అన్నారు. డీజిల్ విషయంలో చీమకుర్తి వారి లెక్క నా మనసులో ఇంకా ఉంది కాబట్టి మాట ఇవ్వలేదు, వారం గడువు అడిగాను. చెన్నై బండి సర్వీసు రికార్డు కావాలని వ్యాపారిని అడిగి నేటికి నాలుగు రోజులైంది, ఇంతవరకు పంపలేదు.